పొగలో ఆరిన మిరపకాయ

బెంగళూరు

ప్రియమైన బావా,

మొన్న ఫోనులో "చిన్న పళ్లెంలో నాలుగు ముక్కలు పెట్టి అంత డబ్బు గుంజే చోట నీకేం పని?" అని కోప్పడ్డావు. నువ్వు గుంటూరు మిర్చి యార్డులో బేరాల హడావుడిలో ఉన్నావని అప్పుడు వాదించలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, ఎందుకంటే ఆ చోటు నీకు నచ్చి తీరుతుందని నా గట్టి నమ్మకం. మిరపకాయను వాసన చూసి రకం చెప్పగలవాడివి, నీకు నచ్చకపోతే ఇంకెవరికి నచ్చుతుంది?

ఇందిరానగర్‌లో ఒక పక్క వీధి. పాత ఇంటిని మార్చి స్పెయిన్ తరహా వైన్ బార్ చేశారు. వెలుతురు తక్కువ, పాట మెల్లగా వస్తుంది, ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినిపిస్తుంది. ఈ ఊళ్లో రాత్రిపూట అది ఎంత అరుదో ఇక్కడ ఉండేవాళ్లకు తెలుసు. తొమ్మిదింటికి వెళితే సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. పదిన్నర దాటాక నిండుతుంది. ఒంటిగంటకు తలుపులు మూయాలి కాబట్టి పన్నెండున్నరకే వచ్చి "ఇంకేమైనా కావాలా?" అని అడుగుతారు.

ఆ వేళప్పుడు తిండి ఏమిటని చెల్లెమ్మ అంటుంది, నాకు తెలుసు. స్పెయిన్‌లో అది మామూలు భోజనాల వేళే. ఆ దేశం చాలావరకు లండన్‌కు పడమరగా ఉంది, సూర్యుడి లెక్కన లండన్ సమయమే దానికి సరిపోతుంది. 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు జరిపి జర్మనీ సమయంతో కలిపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా మళ్లీ వెనక్కి తిప్పలేదు. అందుకని నడివేసవిలో మాడ్రిడ్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు. కిటికీలో ఎండ ఉండగా రాత్రి భోజనానికి ఎవరు కూర్చుంటారు? మే నెలలో గుంటూరులో చల్లగాలి తిరిగేదాకా ఇంట్లోకి వెళ్లకుండా మనం డాబా మీదే కూర్చునే వాళ్లం కదా, వాళ్ల రాత్రులు నాకు అక్కడినుంచే అర్థమయ్యాయి.

ఇక పళ్లేల సంగతి. తపాస్ అనే ఆ చిన్న పళ్లేలను ఒక్కడికని తెప్పించుకుంటే నువ్వన్నది నిజమే, డబ్బు దండగ. అవి బల్ల మధ్యలో పెట్టుకుని నలుగురూ తినేవి. ఒకేసారి అన్నీ చెప్పకూడదు. రెండు తెప్పించుకోవాలి, మాట్లాడుకుంటూ తినాలి, ఆకలి ఇంకా ఉంటే మరో రెండు. కబుర్లకు ఎంత సేపు పడితే భోజనానికీ అంత సేపు పడుతుంది. స్పెయిన్‌లో అయితే చాలామంది ఒకచోట కూర్చోరు కూడా. ఒక బార్‌లో ఒక గ్లాసు, ఒక పళ్లెం, అక్కడినుంచి పక్క బార్‌కు. గ్రనాడాలో గ్లాసు కొంటే పళ్లెం ఉచితంగా ఇచ్చే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది.

మొదట కాల్చిన రొట్టె తెప్పిస్తాను. దాని మీద వెల్లుల్లి రెబ్బ రుద్ది, పండిన టమాటా గుజ్జు పూసి, ఆలివ్ నూనె, ఉప్పు వేస్తారు. అంతే, ఇంకేమీ లేదు. టమాటా బాగుంటే అమోఘం, బాగా లేకపోతే ఏ వంటవాడూ దాన్ని కాపాడలేడు. తర్వాత బంగాళదుంపలు వేసిన మందపాటి కోడిగుడ్డు అట్టు. దుంపల్ని ఆలివ్ నూనెలో మెల్లగా మగ్గించి, గుడ్ల సొనలో కలిపి, మధ్యలో కాస్త జారుగా ఉండగానే దించుతారు. అందులో ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నదాని మీద స్పెయిన్ వాళ్లు రెండు పక్షాలుగా చీలి తెగ వాదించుకుంటారు. నేను ఉల్లిపాయ పక్షం.

రొయ్యలు చిన్న మట్టిమూకుడులో వస్తాయి. ఆలివ్ నూనె, పలచగా తరిగిన వెల్లుల్లి, ఎండుమిర్చి. బల్ల మీదికి వచ్చాక కూడా నూనె చిటపటలాడుతూనే ఉంటుంది. రొయ్యలు తినేశాక మిగిలిన నూనెను రొట్టెతో తుడుచుకుని తినకుండా మూకుడు తిరిగి పంపితే నేను ఒప్పుకోను. పంది తొడను ఉప్పులో ఊరబెట్టి ఏళ్లతరబడి ఆరబెట్టిన హామోన్ కూడా ఉంది, అయితే దాని ధరకు ఆ రొయ్యలు రెండుసార్లు తినవచ్చు.

అసలు ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో ఇప్పుడు వస్తున్నాను. వంటగదికి ఆనుకుని పొడవాటి గట్టు ఉంది, నేను అక్కడే కూర్చుంటాను. వేయించిన బంగాళదుంపల మీద ఎర్రటి కారపు సాసు పోసి ఇస్తారు, పతాతాస్ బ్రావాస్ అంటారు. కారం మనకు చాలదు, కానీ వాసన ఉంది చూడు, కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న వాసన! ఇది ఎక్కడిదని అడిగితే వంట చేసే ఆయన ఒక చిన్న ఎర్ర రేకు డబ్బా తెచ్చి మూత తీసి నా చేతిలో పెట్టాడు. పిమెంతోన్, అంటే వాళ్ల ఎండుమిరప పొడి. లా వేరా అనే ప్రాంతానిది, పోర్చుగల్ సరిహద్దు వైపున్న ఎస్త్రెమదూరాలో ఉంది.

అక్కడ కాయ కోతకు వచ్చేది శరదృతువులో. సరిగ్గా అప్పుడే వానలు. కల్లంలో ఆరబోసే వీలే లేదు. అందుకని వాళ్లు ప్రత్యేకంగా ఆరబెట్టే ఇళ్లు కట్టుకున్నారు. కింద ఓక్ కట్టెలు నిదానంగా కాలుతుంటాయి, పైన అటక మీద కాయలు పరుస్తారు. రోజూ తిరగేస్తూ సుమారు రెండు వారాలు పొగలో ఆరనిచ్చి, ఆ తర్వాత పొడి కొడతారు. అదే స్పెయిన్‌లో ముర్సియా వైపు ఎండ బాగా కాస్తుంది, అక్కడివాళ్లు మనలాగే ఎండలో ఆరబెట్టేవాళ్లు, వాళ్ల పొడికి ఈ వాసన లేదు.

బావా, మార్చిలో అకాల వాన పడి కల్లాల్లో కాయ తడిసి, రంగు పోయి, తాలు కింద లెక్కగడితే రైతు ముఖం చూడలేక నువ్వు ఇంటికొచ్చి అన్నం ముట్టని రోజులు నాకు తెలుసు. లక్షల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వచ్చే చోట ఈ పొగ పద్ధతి పనికొస్తుందని నేను అనడం లేదు. మన కాయను కొనేవాళ్లు అడిగేది వేరు. కానీ వాన పడే నేలలో మిరప వేసి, ఆ వానతో పోరాడి, చివరికి ప్రపంచమంతా వెతుక్కుని కొనే రుచి సాధించారు వాళ్లు. ఆ డబ్బా పట్టుకున్నప్పుడు నువ్వు పక్కన లేవే అనిపించింది. మిరప వాళ్లకు అమెరికా ఖండం నుంచి వచ్చింది 1492 తర్వాత. అక్కడినుంచి వచ్చిన దాన్నే పోర్చుగీసులు మన తీరానికి చేర్చారు. లా వేరా రైతూ మన రైతూ ఒకే మొక్కకు వారసులు.

వైన్ గురించి కూడా రాయాలి, లేకపోతే నువ్వు ఏదో ఊహించుకుంటావు. నేను తాగేది ఒక గ్లాసు షెర్రీ, ఫినో అనే రకం. దక్షిణ స్పెయిన్‌లో హెరెస్ పట్టణం చుట్టూ సుద్ద కలిసిన తెల్లటి నేలల్లో పండే ద్రాక్షతో చేస్తారు. పీపాను నిండా నింపరు. పైన వదిలిన ఖాళీలో వైన్ మీద ఈస్టు పొర కడుతుంది, అది గాలి తగలనివ్వదు. చుక్క తీపి ఉండదు. నాలుకకు బాదంపప్పు తగులుతుంది, కొంచెం ఉప్పదనం కూడా. ఆ రొయ్యల పక్కన దానికి సాటి లేదు. పీపాలను వరసలుగా పేర్చి, కింది వరసలోంచి కొంత సీసాలకు తీసి, తగ్గినంత పై వరసలోంచి నింపుతూ పోతారు. ఏ పీపానూ ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయరు. మన ఇళ్లలో నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడు అయినట్టు, ప్రతి గ్లాసులోనూ ఎన్నో ఏళ్ల కిందటి వైన్ కాస్త ఉంటుంది. ధర ఎక్కువే. విదేశీ వైన్ మీద దిగుమతి సుంకమే 150 శాతం వరకు ఉంటూ వచ్చింది. అంత పెట్టలేకపోతే నంది కొండల చుట్టుపక్కల ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ ఉంది, అట్టుతో అది బాగానే కుదురుతుంది. నువ్వు తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, నిమ్మరసం సోడా ఇస్తారు.

యార్డుకు వేసవి సెలవులు ఇవ్వగానే రా. శని, ఆదివారాలు గుంపు, వద్దు. మంగళవారం రాత్రి వెళదాం. తిరిగి వచ్చేసరికి మెట్రో ఉండదు, కారు పిలుచుకుంటే మారతహళ్లికి తొందరగానే చేరతాం, ఆ వేళకు రోడ్లు ఖాళీ.

వచ్చేటప్పుడు ఒక కిలో తేజ రకం మిరపకాయ తీసుకురా, తొడిమలు తీసినది, ఈ ఏడాది పంటే కావాలి. రొయ్యల్లో వేసే ఎండుమిర్చి చప్పగా ఉందని నేనంటే "మీ బావగారి కాయతో ఒకసారి చేసి చూద్దాం" అన్నాడు వంటాయన. మాట ఇచ్చేశాను. రైలు టికెట్ తీసుకోగానే తేదీ చెప్పు, గట్టు దగ్గర రెండు కుర్చీలు ముందే అడిగి ఉంచుతాను. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

ఉంటాను,
నీ బావ