నాన్న పనిముట్లు కాపాడిన మీ అందరికీ పేరుపేరునా థాంక్స్

డిసెంబర్‌లో ఇక్కడ మా గ్యారేజీకి ఏ డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే మెషిన్) తీసుకోవాలని అడిగాను కదండీ, అప్పుడు ఓపిగ్గా జవాబు చెప్పిన ప్రతి ఒక్కరికీ చాలా చాలా థాంక్స్. ఇంకెవరికైనా పనికొస్తుందని జరిగిందంతా రాస్తున్నా, కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

మేముండేది మాంచెస్టర్ దగ్గర బోల్టన్‌లో. గ్యారేజీకి ఒంటి ఇటుక గోడ, హీటింగ్ లేదు, చలికాలంలో లోపల 5, 6 డిగ్రీలే ఉంటుంది. నాన్న పోయాక తెనాలి నుంచి ఆయన వడ్రంగం పనిముట్లు తెచ్చి అందులో పెట్టుకున్నా. నవంబర్ చివర్లో పెట్టె తెరిస్తే ఉలుల మీద ఎర్రటి తుప్పు, చిత్రిక చెక్క మీద తెల్లటి బూజు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

ఆఫర్‌లో ఉందని రోజుకి 20 లీటర్ల నీళ్ళు లాగుతుందనే కంప్రెసర్ మోడల్ (ఫ్రిజ్‌లా కాయిల్‌ని చల్లబరిచి గాలిలో తేమని నీళ్ళుగా మార్చే రకం) కార్ట్‌లో పెట్టేసుకున్నా, డబ్బులు కట్టడమే తరువాయి. అప్పుడే లీడ్స్ అన్నయ్య (ఏసీ పని చేస్తారాయన) ఆగమన్నారు. ఆ 20 లీటర్లు అనేది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమలో కొలిచిన లెక్క తమ్ముడూ, అంత వేడీ తేమా కలిసి వానాకాలంలో మన బందరులో ఉంటాయి, నీ గ్యారేజీలో కాదు అన్నారు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాకా ఆవిరి పట్టుకుంటుందట, 5 డిగ్రీల దగ్గర 7 గ్రాములు కూడా పట్టదట. పైగా చలిలో కంప్రెసర్ మెషిన్‌లోని ఆ చల్లటి కాయిల్ మీద మంచు కడుతుంది, అది కరిగించుకోవడానికే మెషిన్‌కి సగం టైం పోతుంది. అందుకే డెసికెంట్ రకం తీసుకోమన్నారు. దాంట్లో తేమ పీల్చే చక్రం ఒకటి మెల్లగా తిరుగుతుంటుంది, హీటర్ దాన్ని ఆరబెడుతుంటుంది కాబట్టి చలిలో కూడా పని ఆగదు. కరెంటు ఎక్కువే లాగుతుందని ముందే చెప్పారు, అది నిజమే, కానీ దాంతోపాటు గ్యారేజీ కాస్త వెచ్చబడుతోంది కూడా.

గ్లాస్గో అక్క చెప్పిన ప్లాస్టిక్ షీట్ సంగతి నాకసలు తెలీదు. నేల మీద షీట్ పరిచి నాలుగు వైపులా టేప్ వేసి రెండు రోజులు వదిలేశా. చెమ్మ షీట్ కింద కనిపిస్తే నేలలోంచి వస్తున్నట్టు, పైన కనిపిస్తే గాలిలోంచి. మాకు పైనే కనిపించింది, అంటే బయటి గాలి. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది మరి! సందు మూయకుండా మెషిన్ పెడితే ఊళ్ళో తేమంతా నువ్వే లాగాలి బాబూ అని ఇంకో పెద్దాయన రాశారు, ఆయన మాట విని ముందు రబ్బరు స్ట్రిప్ వేయించా. హీటర్ ఉన్న మెషిన్ పక్కన పెట్రోల్ డబ్బా వద్దని గుర్తు చేసిన చెల్లికి ప్రత్యేకంగా థాంక్స్ అమ్మా, గడ్డి కోసే మెషిన్‌నీ డబ్బానీ బయట షెడ్‌లోకి మార్చేశా.

జనవరి మొదటి వారంలో ఆన్ చేశాం, అప్పుడు తేమ మీటర్‌లో 84 శాతం. రెండు లీటర్ల ట్యాంక్ మొదటి రోజే రెండుసార్లు నిండింది. గాలిలో ఉన్న నీళ్ళు లెక్కేస్తే మహా అయితే ఒక గ్లాసు, మిగతాదంతా గోడల్లోంచి, అట్టపెట్టెల్లోంచి, చెక్కల్లోంచి వచ్చిందే. అందుకే మొదటి వారం మీటర్ నెమ్మదిగా దిగుతుంది కంగారు పడకు అని మీరే అన్నారు, అలాగే ఐదు రోజులు పట్టింది 55కి రావడానికి. ఇప్పుడు మెషిన్‌ని ఆ 55 దగ్గరే సెట్ చేసి ఉంచా, ట్యాంక్ రెండు రోజులకోసారి పారబోస్తే సరిపోతోంది.

ఉలులకి ఉప్పుకాగితం వేసి నూనె రాశా, ఒక్కదానికే గుంటలు మిగిలాయి. చిత్రిక బాగా ఆరింది. నిన్న మా అబ్బాయి చేత దాంతో ఒక చెక్క మీద రెండు పోట్లు వేయించా, నాన్న అరచేయి పట్టి నున్నగా అయిన చోటే వాడి చేయి కూడా పడింది. ఆ ఫొటో కింద పెడుతున్నా, అది మీ అందరి కోసమే.

రబ్బరు స్ట్రిప్ ఒక మీటరు మిగిలింది, తేమ మీటర్‌తో కూడా ప్రస్తుతం నాకు పని లేదు. బోల్టన్, బరీ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, నేనే తెచ్చిస్తా.