బ్యాటరీకి ఏమీ కాదని చెప్పి బిగించిన డ్యాష్‌క్యామ్ వైరింగ్‌పై ఫిర్యాదు

కూకట్‌పల్లి, హైదరాబాద్
15 జూలై 2024

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: జూన్ 22న మీ టెక్నీషియన్ నా కారులో చేసిన డ్యాష్‌క్యామ్ వైరింగ్, దాని వల్ల జరిగిన నష్టం.

అయ్యా,

కారులో బిగించుకుని ముందూ వెనకా రోడ్డుని రికార్డు చేసే రెండు కెమెరాల డ్యాష్‌క్యామ్ మీ వెబ్‌సైట్‌లో కొన్నాను. దానికి పవర్ సిగరెట్ లైటర్ సాకెట్ నుంచే ఇవ్వాలని ముందే అనుకున్నాను. మా కారులో తాళం తిప్పితేనే ఆ సాకెట్‌కి కరెంటు వస్తుంది, తాళం తీస్తే పోతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి అది చాలు. రోడ్డు మీద ఏదైనా జరిగితే సాక్ష్యం ఉండాలన్నదే నా అవసరం. రాత్రి బండి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది, కింద వాచ్‌మన్ ఉంటాడు.

ఆర్డర్ పెట్టిన మర్నాడు మీ కస్టమర్ కేర్ నుంచి ఫోన్ వచ్చింది. సాకెట్‌కి పెడితే బండి ఆపాక కెమెరా పనిచేయదన్నారు. కెమెరాని నేరుగా కారు వైరింగ్‌కే కలిపే హార్డ్‌వైర్ కిట్ తీసుకుంటే 24 గంటలూ కాపలా ఉంటుందని, కారు బ్యాటరీ వోల్టేజి తగ్గగానే కెమెరాని ఆపేసే కట్-ఆఫ్ ఉంది కాబట్టి బ్యాటరీకి ఏమీ కాదని చెప్పారు. ఆ మాట నమ్మి కిట్‌కి 1,800 రూపాయలు, బిగించడానికి 700 రూపాయలు అదనంగా కట్టాను.

బిగించిన రెండు వారాలూ బండి రోజూ తిరిగింది. పొద్దున పూట స్టార్టర్ కాస్త భారంగా తిరుగుతోందని గమనించాను గానీ, వానలు మొదలయ్యాయి కదా అని పట్టించుకోలేదు. జూలై 5, శుక్రవారం రాత్రి 8 గంటలకు బండి సెల్లార్‌లో పెట్టాను. శని, ఆదివారాలు తీయలేదు.

మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. జూలై 8, సోమవారం పొద్దున 6 గంటలకు స్లాట్. 5 గంటలకు కిందికి దిగితే రిమోట్ పనిచేయలేదు. తాళంచెవితో తలుపు తీసి, ఆయన్ని కూర్చోబెట్టి స్టార్ట్ చేస్తే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. మీటర్ లైట్లు కూడా ఆరిపోయాయి. ఆ చీకట్లో ఆయన్ని మళ్లీ దింపి, వాచ్‌మన్ సాయంతో గేటు దాకా నడిపించి, ఆటో దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. 4 గంటలు జరగాల్సిన డయాలసిస్‌ని తర్వాతి పేషెంటుకు టైం అవుతోందని 3 గంటలకే ముగించారు. ఆ రాత్రంతా ఆయనకు ఆయాసం. మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ రాత్రికి లెక్కగట్టి డబ్బు అడగడం నాకు చేతకాదు. కానీ మీ కంపెనీ దగ్గర అది రాతపూర్వకంగా నమోదు కావాలి, అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నం మా వీధిలోని ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 11.4 వోల్టులు చూపించింది. స్టీరింగ్ కింద ప్యానెల్ విప్పించి నా కళ్లతో చూశాను.

మీ కిట్‌లో మూడు వైర్లుంటాయి. నల్లది బాడీ ఎర్త్‌కి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి. ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి. ఎర్ర వైరులో కరెంటు పోయినప్పుడే బండి ఆగిందని కెమెరాకి తెలుస్తుంది, ఆపిన బండికి కాపలా కాసే పార్కింగ్ మోడ్‌లోకి వెళ్తుంది. మీ టెక్నీషియన్ ఎరుపు, పసుపు రెండింటినీ కలిపి ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకే చుట్టేశాడు. దాంతో కెమెరా లెక్కలో నా బండి ఎప్పుడూ రోడ్డు మీదే ఉంది. మెమరీ కార్డు తీసి చూస్తే పార్కింగ్ ఫోల్డర్ ఖాళీ. మామూలు ఫోల్డర్ నిండా సెల్లార్ గోడే. పాత వీడియోల మీద కొత్తవి ఎక్కుతూ పోవడంతో శుక్రవారం ప్రయాణం మొత్తం చెరిగిపోయింది. ఏ సాక్ష్యం కోసం కెమెరా కొన్నానో అదే మిగల్లేదు.

కెమెరా నడుస్తున్నప్పుడు బ్యాటరీ నుంచి 0.45 ఆంపియర్లు లాగుతోందని ఎలక్ట్రీషియన్ కొలిచి చూపించాడు. శుక్రవారం రాత్రి 8 నుంచి సోమవారం పొద్దున 5 దాకా 57 గంటలు. గంటసేపు ఒక ఆంపియర్ లాగితే ఒక ఆంపియర్-అవర్, అంటే ఇది 25 ఆంపియర్-అవర్ల పైమాటే. నా కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది, రెండేళ్లు వాడినది. ఇది మీకు తెలియని లెక్కేమీ కాదు. కిట్ అమ్మే ముందు బ్యాటరీ ఎంతది, బండి వరుసగా ఎన్ని రోజులు ఆగి ఉంటుంది అని రెండు ప్రశ్నలు అడిగి ఉంటే సరిపోయేది.

ఇక మీరు చెప్పిన కట్-ఆఫ్ సంగతి. కెమెరా ఎన్ని వోల్టుల దగ్గర ఆగాలో పెట్టడానికి మీ కిట్ మీద 11.6, 12.0, 12.4 అని మూడు స్థానాల స్విచ్ ఉంది. మీవాళ్లు దాన్ని 11.6 దగ్గర వదిలి వెళ్లారు. నిండుగా ఉన్న కారు బ్యాటరీ బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కి వచ్చిందంటే దాదాపు సగం అయిపోయినట్టు. 11.6 అంటే ఇంజిన్ తిప్పే శక్తి పోయాక కెమెరా ఆగుతుందని అర్థం. 12.4లో పెట్టి ఉంటే నా బండి సోమవారం స్టార్ట్ అయ్యేది. ఆ స్విచ్ గురించి నాకెవరూ చెప్పలేదు, మీ మాన్యువల్‌లోనూ ఒక్క ముక్క లేదు.

ఇంతకంటే భయపడాల్సినవి ఇంకో రెండు కనిపించాయి. ఫ్యూజ్ బాక్స్ నుంచి విడి ఫ్యూజుతో కొత్త లైను తీసే ఫ్యూజ్ ట్యాప్ పెట్టకుండా, కంపెనీ వైరు పైతొడుగు చెక్కి, మీ వైరు దానికి మెలిపెట్టి టేపు చుట్టారు. మధ్యలో వేరే ఫ్యూజ్ లేదు. ఆ టేపు వేడికి జారి వైరు రేకుకి తగిలితే మంటలు రేగే ప్రమాదం ఉంది. ఫ్యూజ్ ట్యాప్ ఏమంత ఖరీదైన వస్తువు కాదు. రెండోది, ముందు అద్దం పక్క పిల్లర్‌లో వైరుని, ప్రమాదంలో పక్క కిటికీల మీదుగా తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మీదుగా లాగారు. అది తెరుచుకోవాల్సి వస్తే ఆ వైరు అడ్డం పడుతుంది. నాన్నగారు కూర్చునేది ఆ పక్కే.

జూలై 9న మీ కస్టమర్ కేర్‌కి ఈ ఫోటోలన్నీ పంపాను. బ్యాటరీ పాతది, మా తప్పు లేదు అని రెండు లైన్ల జవాబు వచ్చింది. తర్వాత ఫోన్‌లో మాట్లాడినావిడ, పార్కింగ్‌లో కెమెరా సొంత బ్యాటరీతోనే నడుస్తుందన్నారు. కెమెరా లోపలి చిన్న బ్యాటరీ కరెంటు పోయినప్పుడు ఆఖరి వీడియో సేవ్ చేయడానికి, మహా అయితే కొన్ని నిమిషాలకు. మీ సిబ్బందికే ఈ తేడా తెలియకపోతే, నాలాంటి కొనుగోలుదారుకి సరైన సలహా ఎవరిస్తారు?

హార్డ్‌వైరింగే తప్పని నేననను. రాత్రంతా రోడ్డు పక్కన బండి పెట్టుకునేవారికి అది అవసరమే. సరిగ్గా బిగించి, కట్-ఆఫ్ ఎక్కువలో పెట్టి, రోజూ బండి తీసేవారైతే ఇబ్బంది ఉండదు. రోజుల తరబడి కాపలా కావాలంటే డ్యాష్‌క్యామ్‌కి విడిగా బ్యాటరీ ప్యాక్ పెట్టించుకోవాలి. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్లే తేల్చుకోవాలి. సగం సమాచారం దాచి ఆ అవకాశం నాకు లేకుండా చేశారన్నదే నా బాధ.

కిట్‌కీ, బిగింపుకీ కట్టిన 2,500 రూపాయలు, కొత్త బ్యాటరీకి అయిన 4,600, వైరింగ్ సరిచేయించడానికి అయిన 900, మొత్తం 8,000 రూపాయలు తిరిగి ఇవ్వండి. జరిగిన తప్పుని ఒప్పుకుంటూ ఉత్తరం రాయండి. మీ టెక్నీషియన్ ఇంకా ఎన్ని బండ్లకు ఇలాగే బిగించాడో చూసి, ఆ ఓనర్లకు ఫోన్ చేసి, ఉచితంగా వైరింగ్ తనిఖీ చేయించండి. నాకు డబ్బు కన్నా ఇదే ముఖ్యం. పార్కింగ్ మోడ్ కారు బ్యాటరీని వాడుకుంటుందని, కట్-ఆఫ్ ఎంతలో పెట్టాలో డబ్బా మీద తెలుగులో కూడా అచ్చువేయించండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకుండా అమ్మితే జరిగిన హానికి తయారీదారుదే బాధ్యత అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

బిల్లులు, వైరింగ్ ఫోటోలు, మీటర్ రీడింగ్ వీడియో, మెమరీ కార్డులోని ఫైళ్ల జాబితా జతచేశాను. పాత బ్యాటరీని అమ్మకుండా ఇంట్లోనే ఉంచాను. మీ ఇంజనీర్ ఎప్పుడైనా వచ్చి పరీక్షించుకోవచ్చు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున మాత్రం ఆసుపత్రిలో ఉంటాను.

ఇట్లు,
మీ వినియోగదారు