లివర్ రోగి తికమకపడితే తాగాడనుకోవద్దు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు నుంచి మిమ్మల్ని రెండు విషయాలు అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. లివర్ సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉన్న రోగిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, మనిషి తికమకపడకుండా ఏం చూసుకోవాలో తెలుగులో రాసిన ఒక పేజీ కాగితం ఇంట్లోవాళ్ల చేతికి ఇప్పించండి. వాళ్ల ఊరి పీహెచ్‌సీలో, విరేచనం మెత్తగా అయ్యేలా చేసే లాక్టులోజ్ సిరప్ ఎప్పుడూ ఉండేలా చూడండి.

మా అన్నయ్య మిర్చి యార్డులో గుమస్తాగా చేశాడు. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత తూకం, ఎంత రేటు అన్నది కాగితం లేకుండా నోటితోనే కూడి చెప్పేవాడు. మందు ముట్టని మనిషి. షుగరు, ఫ్యాటీ లివర్ కలిసి సిర్రోసిస్ దాకా తెచ్చాయి. ముందు నిద్ర తారుమారైంది. పగలంతా మగత, రాత్రంతా మెలకువ. తర్వాత ఒక సాయంత్రం బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టబోయి ఇంటిపేరు దగ్గరే ఆగిపోయాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చేతులు ముందుకు చాపమంటే మణికట్టు దగ్గర పట్టు తప్పి వాలిపోవడం, మళ్లీ లేవడం. చుట్టాల్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఇంకొకరు పక్షవాతమన్నారు. ఆస్పత్రి క్యాజువాలిటీలో మా వదినను అడిగిన మొదటి మాట, "ఎంత తాగాడమ్మా?"

తాగే అలవాటున్న మనిషికైనా ఇదే జబ్బు వస్తుంది సార్. మత్తు దిగేదాకా పడుకోనిమ్మని వదిలేస్తే మగత కోమాలోకి దిగుతుంది. త్వరగా గుర్తుపడితే చాలామంది తిరిగి మామూలు మనుషులవుతారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

దీన్ని డాక్టర్లు హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. పేగుల్లో తయారయ్యే అమ్మోనియాను మంచి లివర్ యూరియాగా మార్చేస్తుంది, అది మూత్రంలో పోతుంది. లివర్ గట్టిపడ్డాక ఆ పని సరిగా జరగదు. కొంత రక్తం లివర్ లోపలికి వెళ్లకుండానే పక్కదారుల్లో ఒంట్లోకి చేరుతుంది. అమ్మోనియాతో పాటు మరికొన్ని విషాలు మెదడు మీద పనిచేస్తాయి. నాలుగు రోజుల మలబద్ధకం, ఏదో ఒక ఇన్‌ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఇలాంటివి ఒక్కటి చాలు మనిషి తికమకపడటానికి.

ఇళ్లలో జరిగేది మీకు తెలియాలి. రాత్రి నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో నిద్రమాత్ర తెచ్చి వేస్తారు. ఆ మాత్రతో ఆ లివర్ రోగి లేవలేని స్థితికి వెళ్లొచ్చు. సిరప్ సంగతీ అంతే. లాక్టులోజ్ తాగితే మూడుసార్లు విరేచనం అవుతోందని భయపడి మానేస్తారు. నిజానికి రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా అయ్యేలా చూడటమే దాని పని, అమ్మోనియా బయటికి పోయేది అలాగే. అంతకు మించి నీళ్లలా అయితే డాక్టర్‌ని అడిగి మోతాదు తగ్గించాలి. ఈ ఒక్క ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. సీసా మీద ఇంగ్లిష్‌లో ఏదో ఉంది, మా వదిన నాలుగో తరగతి చదివింది.

ఇంకొకటి పథ్యం. లివర్ జబ్బనగానే పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి చారన్నం పెడతారు. పాతకాలంలో ప్రోటీన్ తగ్గించమని డాక్టర్లూ చెప్పేవారు. ఇప్పుడు చెప్పేది దానికి ఎదురు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం తినాలి. కండ కూడా అమ్మోనియాను కొంత తీసేస్తుంది కాబట్టి, కండ కరిగితే జబ్బు ఇంకా ముదురుతుంది. పల్లెల్లో కామెర్లకు పసరు తాగించే అలవాటు ఇంకా ఉంది. అది వద్దని కూడా ఆ కాగితంలో గట్టిగా రాయించండి.

కేంద్రం 2021లో ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీల కార్యక్రమంలో చేర్చింది. మన ఏఎన్ఎంలు, ఆశా అమ్మాయిలు ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. సిర్రోసిస్ ఉన్నవాళ్ల ఇంట్లో ఒక నిమిషం కూర్చుని, గుర్తొచ్చిన జంతువుల పేర్లు చెప్పమంటే చాలు. నిమిషంలో పది కూడా చెప్పలేకపోతే డాక్టర్‌కు చూపించాలి. చదువు రాని వాళ్లకూ పనికొచ్చే పరీక్ష ఇది. 108 సిబ్బందికి కూడా ఒక మాట చెప్పించండి: తికమకగా ఉన్న మనిషి కళ్లు పచ్చగా ఉంటే, పొట్ట ఉబ్బి ఉంటే, లివర్ జబ్బుందా అని అడగమని. బయటికి మామూలుగా కనిపించే రోగుల్లో కూడా చురుకుదనం తగ్గి ఉండొచ్చు. అలాంటివాళ్లు విజయవాడ హైవే మీద బండి నడిపితే వాళ్లకూ ప్రమాదమే, ఎదుటివాళ్లకూ ప్రమాదమే.

ఎన్టీఆర్ వైద్య సేవ మంచంలో పడ్డాక ఆదుకుంటోంది, కాదనను. మంచం దాకా రాకుండా ఆపేది మాత్రం ఇంట్లో రోజూ తాగే సిరప్పే. కొందరికి దాంతో పాటు, పేగుల్లో అమ్మోనియా తయారుచేసే క్రిములను తగ్గించే రిఫాక్సిమిన్ మాత్రలు కూడా రాస్తారు. అవి ఖరీదు. కూలి పనికి వెళ్లే ఇంట్లో నెలనెలా కొనలేరు. వాటినీ ఉచిత మందుల్లో ఇవ్వగలరేమో చూడండి.

ఎండలు ముదిరేలోపు చేయిస్తే మంచిది. గుంటూరు వేసవిలో ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం రావడం ఎంత తేలికో మీకు తెలుసు. కాగితం మీద అక్షరాలు పెద్దవిగా వేయించండి. చదివేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లే.

ఇట్లు,
ఒక రోగి చెల్లెలు,
గుంటూరు