ఏరు దాటిన మేయర్లు, తగలబడిన తెప్ప

సంపాదకులకు,

నమస్కారములు. నగర మేయర్లుగా పనిచేసి తరువాత ముఖ్యమంత్రులైన నాయకుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో సగానికి పైగా ఎం.కె. స్టాలిన్ ప్రస్థానానికే కేటాయించడం సబబే. తేదీల్లోనూ నాకు తప్పు కనిపించలేదు. అయితే చెన్నై మేయర్‌గా ఆయన గడిపిన కాలాన్ని వ్యాసకర్త రెండు వాక్యాల్లో దాటవేసి, దాన్ని నిచ్చెనలో మొదటి మెట్టుగా మాత్రమే చూపించారు. ఆయన దిగిపోయిన తరువాత ఆ మేయర్ కుర్చీ ఏమైందన్న ప్రశ్న వ్యాసంలో ఎక్కడా లేదు. మున్సిపాలిటీలో పన్నుల విభాగం గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిసి, ఇప్పుడు కర్నూలులో విశ్రాంత జీవితం గడుపుతున్నవాడిని కనుక నాకు ముందుగా తోచింది ఆ ప్రశ్నే.

మనం మద్రాసును విడిచి కర్నూలును రాజధానిగా చేసుకున్న 1953లోనే, మార్చి 1న, స్టాలిన్ పుట్టారు. ఎమర్జెన్సీ కాలంలో, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైలుకు వెళ్లారు. 1984లో మద్రాసులోని థౌజండ్ లైట్స్ శాసనసభ నియోజకవర్గంలో ఓడి, 1989లో గెలిచి, 1991లో మళ్లీ ఓడి, 1996లో మళ్లీ గెలిచారు. మద్రాసు పేరు చెన్నైగా మారిన ఆ 1996లోనే నగర ఓటర్లు ఆయనను నేరుగా మేయర్‌గా ఎన్నుకున్నారు. ఆ నగరానికి ప్రత్యక్ష ఎన్నికలో వచ్చిన మొదటి మేయర్ ఆయనే. ఇంతవరకు వ్యాసంలో ఉంది. లేనిది ఏమిటంటే, దానికి ముందు ఇరవై మూడేళ్లపాటు ఆ నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 1688లో ఏర్పడి, దేశంలోనే అతి పాతదిగా పేరున్న ఆ కార్పొరేషన్ కౌన్సిల్‌ను మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కుంభకోణం పేరిట 1973లో రద్దు చేసింది స్టాలిన్ తండ్రి కరుణానిధి ప్రభుత్వమే. తరువాత ఎం.జి.ఆర్. వచ్చినా, జయలలిత వచ్చినా ఎన్నిక జరగలేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చి, పట్టణ స్థానిక సంస్థలకు అయిదేళ్లకొకసారి ఎన్నిక తప్పనిసరి చేసిన తరువాత గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అంటే తండ్రి మూసిన తలుపును రాజ్యాంగం తెరిస్తే, అందులో నుంచి కుమారుడు లోపలికి వెళ్లారు. ఇది ఎత్తిపొడుపుగా రాయడం లేదు. చరిత్ర క్రమం అలా ఉంది.

మేయర్‌గా ఆయన మొదటి విడత గురించి చెన్నైలో ఇప్పటికీ చెప్పుకొనేది ఫ్లైఓవర్ల గురించే. తొమ్మిది ఫ్లైఓవర్లు, 'సింగార చెన్నై' అన్న నినాదం ఆయన పేరుతో ముడిపడి ఉన్నాయి. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నందున ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళుతుంటాను. రాధాకృష్ణన్ సాలై మీదుగా ఆటోలో పోతున్నప్పుడు ఆటోడ్రైవర్ ఏ పార్టీ వాడైనా ఆ వంతెన ఎవరి హయాంలో కట్టారో చెబుతాడు. అయితే అవి మేయర్ పదవికి చట్టం ఇచ్చిన బలంతో వచ్చినవా, ముఖ్యమంత్రి కుమారుడన్న బలంతో వచ్చినవా అని అడగవలసి ఉంది. చెన్నైలోనూ, మన దగ్గరా కార్పొరేషన్‌లో కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను నియమించేదీ, బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వం. కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహించడం, తీర్మానం చేయించడం మేయర్ పని. ఆ తీర్మానం కాగితం దాటి రోడ్డు మీదికి రావాలంటే సచివాలయం కనికరించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఇక్కడ దేవుడి స్థానంలో ఉన్నది ఓటరు. 1996 నుంచి 2001 వరకు స్టాలిన్‌కు ఆ చిక్కు రాలేదు, ఎందుకంటే సచివాలయంలో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నది తండ్రి.

దీనికి రుజువు రెండో విడతలో దొరుకుతుంది. 2001 మేలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఫ్లైఓవర్ల నిర్మాణంలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణతో కేసు పెట్టి, జూన్ 30న తెల్లవారకముందే కరుణానిధిని అరెస్టు చేసిన తీరును దేశమంతా టీవీల్లో చూసింది. స్టాలిన్ కూడా ఆ కేసులో జైలుకు వెళ్లారు. ఆ కేసు శిక్ష దాకా పోలేదు. అదే ఏడాది జరిగిన నగర ఎన్నికల్లో, రాష్ట్రంలో తమ పార్టీ ఓడిపోయి ఉన్నప్పటికీ, చెన్నై ఓటర్లు ఆయననే మళ్లీ మేయర్‌గా ఎన్నుకున్నారు. ప్రత్యక్ష ఎన్నికకున్న విలువ అక్కడ కనిపిస్తుంది. కానీ ఒక వ్యక్తి రెండు ఎన్నికైన పదవుల్లో ఉండరాదని 2002లో జయలలిత ప్రభుత్వం చట్టం తెచ్చింది. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కూడా. వివాదం హైకోర్టుకు వెళ్లి, వరుసగా రెండుసార్లు మేయర్‌గా ఉండవచ్చా అన్న పాత చట్టం మీదికి మళ్లి, చివరకు ఆయన మేయర్ పదవి పోయింది. మనిషి మారలేదు, కుర్చీ మారలేదు, చట్టంలో మేయర్ అధికారాలూ మారలేదు. మారినదల్లా సచివాలయంలో కూర్చున్నవారు. మొదటి విడతలో తొమ్మిది వంతెనలు కట్టిన పదవి రెండో విడతలో తనను తాను కాపాడుకోలేకపోయింది.

ఈ అనుభవం పొందిన నాయకుడు అధికారంలోకి రాగానే మేయర్ పదవికి గట్టి పునాది వేస్తారని ఎవరైనా అనుకుంటారు. 2006లో ఆయన పార్టీ గెలిచింది, ఆయన స్థానిక పాలన శాఖ మంత్రి అయ్యారు, 2009 మే 29న ఉపముఖ్యమంత్రి అయ్యారు. అదే 2006లో ఆ ప్రభుత్వం మేయర్ ప్రత్యక్ష ఎన్నికను తీసివేసి, కౌన్సిలర్లే మేయర్‌ను ఎన్నుకొనే పద్ధతి తెచ్చింది. 2011లో జయలలిత వచ్చి ప్రత్యక్ష ఎన్నికను తిరిగి పెట్టారు, 2016లో తానే మళ్లీ తీసివేశారు. ఆ ఏటి స్థానిక ఎన్నికల నోటిఫికేషన్‌ను మద్రాసు హైకోర్టు రద్దు చేసింది. గిరిజన రిజర్వేషన్ల విషయమై పిటిషన్ వేసింది స్టాలిన్ పార్టీవారే. పిటిషన్‌లో న్యాయం ఉండవచ్చు, కాదనను. ఫలితంగా చెన్నైకి 2022 వరకు ఎన్నికైన మేయర్ లేరు. 2021 మే 7న స్టాలిన్ ముఖ్యమంత్రి అయ్యారు. 2022లో ఆయన ప్రభుత్వం ఎన్నికలు జరిపించింది, ఆ నగరానికి తొలి దళిత మహిళా మేయర్‌గా ఆర్. ప్రియ వచ్చారు, అది మెచ్చుకోవలసిన విషయమే. అయితే ఆమెను ఎన్నుకున్నది కౌన్సిలర్లు. స్టాలిన్ తాను జనం ఓటుతో నేరుగా ఎక్కిన మెట్టును తన తరువాతివారికి అదే రూపంలో మిగల్చలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

తమిళనాడును ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. దేవేంద్ర ఫడ్నవీస్ 1997లో ఇరవై ఏడేళ్లకే నాగపూర్ మేయర్ అయ్యారు, 2014లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నాగపూర్ పాలకవర్గం గడువు 2022 మార్చిలో ముగిస్తే, ఓబీసీ రిజర్వేషన్ల వ్యాజ్యాల కారణంగా మూడేళ్లకు పైగా ఎన్నిక జరగలేదు. ఆ కాలంలో చాలాభాగం ఆయన ఉపముఖ్యమంత్రి, తరువాత ముఖ్యమంత్రి.

ఇక మన సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1995, 2000 ఎన్నికల్లో మేయర్లను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 2002లో హైదరాబాద్‌లోనూ అలాగే జరిగింది. ఆ మేయర్ల తరువాతి ప్రయాణం చూడండి. విశాఖ మేయర్‌గా 1995లో గెలిచిన సబ్బం హరి 2009లో అనకాపల్లి ఎంపీ అయ్యారు. హైదరాబాద్ మేయర్ తీగల కృష్ణారెడ్డి 2014లో మహేశ్వరం ఎమ్మెల్యే అయ్యారు. 2000లో ఇరవై ఆరేళ్లకే విజయవాడ మేయర్ అయిన పంచుమర్తి అనురాధ శాసనమండలిలో అడుగుపెట్టడానికి 2023 వరకు ఆగవలసి వచ్చింది. నగరం మొత్తం ఓటు వేసి గెలిపించిన మనిషికి చట్టసభలో చోటు దొరకడానికి ఇన్నేళ్లు పట్టడం వింతగా లేదా? 2005 నుంచి ఆ ప్రత్యక్ష ఎన్నిక కూడా పోయింది. ఏ పార్టీ వచ్చినా తిరిగి తేలేదు. నగరం మొత్తం మీద ఓటు తెచ్చుకున్న మేయర్ పక్కన ఉంటే ఎమ్మెల్యేకు ఊపిరాడదన్నది మా ఉద్యోగుల క్యాంటీన్‌లో అప్పట్లోనే అందరూ చెప్పుకున్న మాట.

కర్నూలుకు 1994లో కార్పొరేషన్ హోదా వచ్చింది. తొలి మేయర్ బంగి అనంతయ్య. 2005లో ఎన్నికైన పాలకవర్గం చివరి ఏడాదిలోకి అడుగుపెట్టగానే, 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చాయి. పాతబస్తీలో ఇళ్లకు ఇళ్లే మునిగాయి. నీళ్లు తీశాక వీధుల్లో మిగిలిన బురదను, తడిసి ముద్దయిన రికార్డులను, వెన్ను విరిగిన దుకాణాలను చూసినవారెవరూ ఆ దీపావళి రోజులను మరిచిపోరు. అంతటి విపత్తు తరువాత నగరాన్ని తిరిగి నిలబెట్టే సమయంలో, అంటే 2010లో, పాలకవర్గం గడువు తీరిపోయింది. 2014లో కడప, అనంతపురం కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగాయి, కర్నూలుకు జరగలేదు. శివారు గ్రామాల విలీనం, డివిజన్ల విభజన, కోర్టు వ్యాజ్యాలు అంటూ ఏళ్లు గడిచాయి. 2021 మార్చిలో గానీ ఈ ఊరు మళ్లీ మేయర్ ముఖం చూడలేదు. వరద గట్లు ఎక్కడ కట్టాలి, నాలాల మీద ఇళ్లను ఏం చేయాలి, వేసవిలో తాగునీరు ఎలా తేవాలి అన్న నిర్ణయాలన్నీ ప్రత్యేకాధికారుల కాలంలోనే జరిగాయి. వారిలో సమర్థులు లేరని నేననను. వారు ఓటు అడగడానికి మళ్లీ మన వీధికి రారు, అంతే తేడా.

2021లో మేయర్ అయిన బి.వై. రామయ్య 2024లో కర్నూలు లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. పోటీ చేయడంలో తప్పు లేదు. ఇక్కడి 52 డివిజన్లు కర్నూలు, పాణ్యం, కోడుమూరు అనే మూడు శాసనసభ నియోజకవర్గాల్లో పరచుకుని ఉన్నాయి. ఏ ఎమ్మెల్యేకూ నగరం మొత్తం మీద హక్కు లేదు, మేయర్‌కు ఉంది. అయినా మేయర్ తన పేరు నిలబెట్టుకోవాలంటే ఢిల్లీకో, అమరావతికో పోవలసిందేనన్న భావన మనలో ఎందుకు పాతుకుపోయిందో ఆలోచించాలి. ఇదే కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన టంగుటూరి ప్రకాశం పంతులు కూడా రాజమహేంద్రవరం మున్సిపల్ చైర్మన్‌గా పనిచేసినవారే. మా తరం పాఠ్యపుస్తకాల్లో ఆయన చైర్మన్‌గిరీకి ఒక వాక్యం కూడా దక్కలేదు. ఆ అలవాటే ఇప్పటి వ్యాసాల దాకా వచ్చిందేమో.

మేయర్‌ను ఎలా ఎన్నుకోవాలన్నది రాజ్యాంగం రాష్ట్ర శాసనసభలకే వదిలిపెట్టింది. పన్నెండో షెడ్యూల్‌లోని 18 అంశాల్లో ఏవి నగరపాలక సంస్థలకు బదిలీ చేయాలన్నదీ వారి దయే. అందువల్ల మేయర్‌గా కష్టాలు చూసి శాసనసభకు వెళ్లినవారే ఈ పని చేయగలరు. చేయవలసినదీ వారే. ప్రత్యక్ష ఎన్నిక తిరిగి రావాలి. కమిషనర్ పనితీరు మీద రాసే నివేదికలో మేయర్ మాటకు చోటుండాలి. గడువు తీరకముందే ఎన్నిక జరగాలన్న 243యు అధికరణాన్ని వ్యాజ్యాల పేరుతో దాటవేయడం ఆగాలి. ప్రత్యక్ష ఎన్నికతో డబ్బు ఖర్చు పెరుగుతుందనీ, మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్ మరో పార్టీ అయితే పనులు ఆగిపోతాయనీ అనేవారున్నారు. రెండూ నిజమే. కౌన్సిలర్లను శిబిరాలకు తరలించి మేయర్లను మార్చే పద్ధతిలో ఖర్చు తక్కువవుతుందని మాత్రం నేను నమ్మలేను.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. 2021లో ఎన్నికైన మన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026 మార్చి వరకే. నగర, శాసనసభ ఎన్నికలు ఏవి వచ్చినా మీరు అభ్యర్థుల పరిచయాలు వేస్తారు. అందులో 'మాజీ మేయర్' అన్న మాట వచ్చిన ప్రతిచోటా, ఆయనో, ఆమో దిగిపోయిన తరువాత ఆ కుర్చీ ఎన్నేళ్లు ఖాళీగా ఉందో, దాన్ని నింపమని వారు ఎక్కడైనా నోరు విప్పారో లేదో, ఒక్క పంక్తి చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మున్సిపల్ ఉద్యోగి,
కర్నూలు