గొడుగుల కథకి చెయ్యి అందించిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. బొమ్మలా, రాతా, ఏది ఎంచుకోవాలి అని ఇంతకు ముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. అప్పుడు నా బొమ్మల కథ పేజీలు ఓపిగ్గా చదివి, తోచింది మొహమాటపడకుండా చెప్పి, కొందరైతే వస్తువులు కూడా పంపి సాయం చేసినవాళ్ళకి విడివిడిగా థాంక్స్ చెప్పాను. అయినా చాలలేదనిపించింది. నలుగురిలో అడిగిన సాయానికి నలుగురిలోనే కృతజ్ఞతలు చెప్పడం పద్ధతి కదా. పేర్లు రాయొద్దని మీలో చాలామంది అన్నారు కాబట్టి రాయట్లేదు. ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం నా సంగతి కొంచెం. నాకు 16 ఏళ్ళు. బొమ్మలు ఎప్పట్నుంచి వేస్తున్నానో నాకే గుర్తులేదు. కథలు మాత్రం తమ్ముడి వల్ల మొదలయ్యాయి. ఏ బొమ్మ వేసినా పక్కన చేరి, ఈ పిల్ల ఎక్కడికి పోతోంది, ఈ కుక్క ఎవరిది, ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ తిడుతుందా అని అడిగేవాడు. జవాబు చెప్పేదాకా వదిలేవాడు కాదు. చెప్పగా చెప్పగా కథలు కట్టడం అలవాటైపోయింది. (వాడికీ ఇక్కడే ఒక థాంక్స్. లేకపోతే ఇంట్లో నన్ను నిలవనివ్వడు.)

ఇప్పుడు చేస్తున్నది ఒక బొమ్మల కథ. బస్సుల్లో జనం మర్చిపోయిన గొడుగులన్నీ ఒక గదిలో పోగుపడి ఉంటాయి. ఆ గదికి కాపలా ఉండే కుర్రాడు ఒకరోజు పాత గొడుగొకటి తెరుస్తాడు. బయట ఎండ మండిపోతుంటే ఆ గొడుగు కింద మాత్రం వాన పడుతుంది. అది ఎవరిదో వెతుక్కుంటూ వాడు బయల్దేరడమే కథ.

నా కోరిక రచయితని కావాలని. కానీ నేను రాసింది చదివినవాళ్ళు ముందు బొమ్మల గురించే మాట్లాడతారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో అని తెలిసిన పెద్దాయన ఒకరు గట్టిగానే చెప్పారు. అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది. బొమ్మలా, రాతా అని మిమ్మల్ని అడిగింది అందుకే. విచిత్రం ఏంటంటే మీలో ఒక్కరు కూడా ఆ ప్రశ్నకి జవాబివ్వలేదు. ముందు పేజీలు చూపించమన్నారు. మెచ్చుకునేవాళ్ళకి నాకెప్పుడూ కొదవలేదు. అమ్మమ్మ ఒక్కతే చాలు. కానీ పేజీ ముందేసుకుని కూర్చుని, ఈ గీత ఇక్కడెందుకు, ఈ మాట అక్కడెందుకు అని అడిగినవాళ్ళు మీరే మొదటివాళ్ళు.

డ్రాయింగ్ మాస్టారి దగ్గర మొదలుపెడతాను. ఆయన పేజీలన్నీ చూసి ఒకే మాటన్నారు: "అమ్మాయ్, మీ కుర్రాడికి చేతుల్లేవేంటి?" నిజమే. ఒక పేజీలో వాడి చేతులు జేబుల్లో ఉంటాయి, ఇంకో పేజీలో వెనక్కి కట్టుకుని ఉంటాడు, మరో చోట బల్ల అడ్డం వస్తుంది. చేతులు వెయ్యడమంటే భయమున్న ప్రతివాళ్ళూ ఇలాగే దాచేస్తారట, ఆయన బడిలో చెప్పినన్నాళ్ళూ ఇదే చూశారట. తర్వాత వీడియో కాల్‌లో కూర్చోబెట్టి నేర్పించారు. వేళ్ళ జోలికి ముందే పోవద్దు. అరచెయ్యి ఒక మందపాటి పలక, బొటనవేలు విడిగా, మిగతా నాలుగు వేళ్ళూ కలిపి ఒకే ముద్దగా వేసుకోవాలి. చెయ్యి ఎటు తిరిగిందో, దేన్ని పట్టుకుందో కుదిరాకే వేళ్ళు విడదీయాలి. కణుపులు సరళరేఖలో ఉండవు, వంపు తిరిగి ఉంటాయి. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఉన్న పొడవు సుమారుగా గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా ఉంటుంది. ఇది వినగానే అరచెయ్యి మొహానికి ఆనించుకుని చూశాను. మీరూ ఇప్పుడు చూసుకుంటూ ఉంటారు, నాకు తెలుసు. నేనంతకు ముందు వేసిన చేతులన్నీ చంటిపిల్లల చేతులంత ఉండేవి.

ఇంత చెప్పి ఊరుకుంటే ఆయన డ్రాయింగ్ మాస్టారే. కానీ ఇంకో మాట కలిపారు: గొడుగు పట్టుకున్న చేతిని చూస్తే గాలి ఎంత గట్టిగా వీస్తోందో తెలియాలి అని. అద్దం ముందు నిజం గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఊరికే పట్టుకుంటే వేళ్ళు వదులుగా ఉన్నాయి. తమ్ముణ్ణి గొడుగు అంచు పట్టుకుని లాగమన్నాను. బొటనవేలు వచ్చి మిగతా వేళ్ళని తొక్కిపట్టింది, కణుపులు తెల్లబడ్డాయి, మణికట్టు లోపలివైపు రెండు నరాలు తేలాయి, మోచెయ్యి డొక్కకి అతుక్కుపోయింది. అది చూసి వేసిన బొమ్మే ఇప్పుడు మూడో పేజీలో ఉంది. వాడికి చేతులొచ్చాక వాడేదో ఒకటి చెయ్యక తప్పలేదు. గొడుగు తెరవడానికి ముందు దాని నాడా విప్పుతాడు, ఆ నాడాకి ఎవరో కుట్టిన చిన్న ఎర్ర గుండీ ఉంటుంది. ఆ గుండీ నా కథలో లేదు. బొమ్మ వేస్తుంటే వచ్చి చేరింది. ఇప్పుడు గొడుగు ఎవరిదో కుర్రాడు కనిపెట్టేది దాని వల్లే. మాస్టారూ, మీరు బొమ్మ నేర్పుతున్నాననుకుని నా కథలో ముడి విప్పారు.

పుస్తకాల ఎడిటింగ్ పని చేసే ఆంటీ నాకు ఎర్ర పెన్ను చూపించారు. స్కాన్ చేసి పంపిన పేజీలు తిరిగి వచ్చినప్పుడు నా వాక్యాల్లో సగానికి పైగా కొట్టేసి ఉన్నాయి. మొదట ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు. తర్వాత పక్కన రాసిన ప్రశ్నలు చదివాను. "బొమ్మలో వాన కనిపిస్తోంది. కింద మళ్ళీ వాన పడుతోందని ఎవరికి చెబుతున్నావు?" "వాడికి భయం వేసిందని వేళ్ళు చెబుతున్నాయిగా?" ఆవిడ కొట్టెయ్యకుండా వదిలిన వాక్యాలు చూస్తే సంగతి అర్థమైంది. బొమ్మలో పట్టనివే మిగిలాయి. వాన నీళ్ళకి పాత పెట్టెలో చీరల వాసన వస్తోందన్న వాక్యం ఉంది, ఏ రంగు వేసి ఆ వాసన చూపించగలను? ఆ గదిలో గొడుగులు ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాయో బొమ్మ చెప్పలేదు, మాట చెబుతుంది.

పేజీ తిప్పడం గురించి కూడా ఆవిడే చెప్పారు. తెరిచిన పుస్తకంలో రెండు పేజీలూ ఒకేసారి కంటబడతాయి. వాన పడే బొమ్మని నేను కుడివైపు పెట్టాను. ఎడమ పేజీలో కుర్రాడు గొడుగు చేతిలోకి తీసుకునేలోపే చదివేవాళ్ళ కన్ను కుడివైపు వానని చూసేస్తుంది. ఇంక ఆశ్చర్యం ఏముంటుంది? గొడుగు తెరవబోయే బొమ్మ కుడి పేజీలో ఉండాలి, వాన పేజీ తిప్పాక రావాలి. ఈ ఒక్క మార్పు కోసం ముందున్న పేజీలన్నీ జరపాల్సి వచ్చింది. పేజీలు నా ఇష్టం వచ్చినట్టు పెంచడానికీ లేదు. పెద్ద కాగితం మీద రెండువైపులా అచ్చేసి మడతపెడితే 16 పేజీల ఫారం అవుతుందట, రెండు ఫారాలు కలిపితే 32. పిల్లల బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలే ఉండటానికి కారణం ఇదని అప్పుడు తెలిసింది. నేనేమో అదేదో కథల శాస్త్రం అనుకున్నాను.

లైబ్రేరియన్ అక్క పంపిన సమాచారం నేను అందరికీ చెబుతూ తిరుగుతున్నాను కాబట్టి ఇక్కడా చెబుతాను. జెనీవాలో రొడాల్ఫ్ టోఫర్ అని ఒక బడిపంతులు ఉండేవాడు, 1799లో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. కొడుకూ చిత్రకారుడే కావాలనుకున్నాడు గానీ కంటిజబ్బు వల్ల కుదరలేదు. బడి నడుపుకుంటూ సరదాకి బొమ్మలు గీసి కింద నాలుగు మాటలు రాసి కథలు తయారు చేశాడు. జర్మన్ మహాకవి గోథే వాటిని చూసి మెచ్చుకున్నాడు. 1830లలో అవి అచ్చులోకి వచ్చాయి, కామిక్స్ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఆయన దగ్గర్నుంచే మొదలుపెడతారు. తన పుస్తకం గురించి ఆయనే రాసుకున్నాడట, ఇందులో మాటలు తీసేస్తే బొమ్మలకి సరైన అర్థం ఉండదు, బొమ్మలు తీసేస్తే మాటలకి అసలు అర్థమే ఉండదు అని. రెండు పడవల సలహా ఇచ్చిన పెద్దాయనకి ఇది చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "ఆయనకి బడి ఉద్యోగం ఉంది కదమ్మా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆయన అన్నదీ తప్పు కాదు.

డీటీపీ చేసే అన్న లేకపోతే నా బుడగలన్నీ పగిలిపోయేవి. సంభాషణల బుడగలు ముందు గీసేసి, తర్వాత అందులో అక్షరాలు ఇరికించడం నా అలవాటు. అన్న దాన్ని తిరగేశాడు. ముందు మాటలు రాసి చుట్టూ బుడగ గియ్యి అన్నాడు. మన లిపికి ఇది మరీ ముఖ్యమట. పైన గుడులు, కింద వత్తులు. "రాష్ట్రం" అని రాస్తే ష కింద రెండు వత్తులు దిగి కింది వరసలో ఉన్న గుడిని గుద్దుకుంటాయి. అందుకే వరసల మధ్య చోటు ఎక్కువ వదలాలి. ఇంకో చిక్కు, మన మాటల పొడవు. మా కుర్రాడు ఒకచోట "వెళ్ళిపోవాలనుకుంటున్నాను" అనేవాడు. అది ఒకే మాట, సన్నటి బుడగలో పట్టదు, మధ్యలో విరిస్తే చదవడానికి బాగోదు. చివరికి వాడి చేత "పోతా" అనిపించాను. అంతే, వాడు మారిపోయాడు. అప్పటిదాకా పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడేవాడు, ఇప్పుడు కొంచెం పొగరు, కొంచెం దిగులు ఉన్న కుర్రాడయ్యాడు. వాడి మిగతా మాటలన్నీ తిరగరాశాను.

కాగితాలు, పెన్సిళ్ళు పంపిన అంకుల్‌కి మరీ మరీ థాంక్స్. నేను మామూలు ప్రింటర్ కాగితం మీద వాటర్ కలర్ వేసేదాన్ని. నీళ్ళు పడగానే కాగితం ఉబ్బి, రంగు పల్లంలోకి జారేది. మీరు పంపిన 300 జీఎస్ఎమ్ మందపాటి కాగితం ఎంత తడిపినా పెద్దగా కదలట్లేదు, వానకథకి అంతకంటే ఏం కావాలి? పెన్సిళ్ళతో పాటు పెట్టిన ఉత్తరం కూడా దాచుకున్నాను. 1795 ప్రాంతంలో యుద్ధం వల్ల ఇంగ్లండ్ గ్రాఫైట్ ఫ్రాన్స్‌కి రాకపోతే, కాంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చి పెన్సిల్ ముల్లు తయారు చేశాడనీ, మట్టి పాలు పెరిగేకొద్దీ ముల్లు గట్టిపడి గీత పలచబడుతుందనీ రాశారు. ఎండలో గొడుగుల గది గోడలకి గట్టి ముల్లున్న 2హెచ్ పెన్సిల్, గొడుగు కింద చీకటికి మెత్తటి 6బీ వాడుతున్నాను. మీకు చెప్పలేదు గానీ, ఆ 6బీ అప్పుడే సగానికి వచ్చింది.

పెన్ టాబ్లెట్ ఇచ్చిన అన్నయ్యా, చాలా చాలా థాంక్స్. ఒక్క విషయంలో మాత్రం మీ మాట వినట్లేదు. అంతా అందులోనే వేసెయ్, టైమ్ కలిసొస్తుంది అన్నారు. రంగులు సర్దడానికి, అక్షరాలు పెట్టడానికి, బొమ్మని అద్దంలోలా తిప్పి చూసి వంకరలు పట్టుకోవడానికి అది అద్భుతంగా ఉంది. కానీ మొదటి గీత మాత్రం కాగితం మీదే వేస్తాను. టాబ్లెట్‌లో ఒక్క నొక్కుతో వెనక్కి వెళ్ళొచ్చు కదా, నేను ప్రతి గీతకీ వెనక్కి వెళ్ళిపోతున్నాను. ఆ ఎర్ర గుండీ టాబ్లెట్‌లో వేసుంటే పొరపాటు గీత అనుకుని చెరిపేసేదాన్ని.

అమ్మతో ఫోన్లో మాట్లాడిన టీచర్ గారికి ఏం చెప్పాలో తెలియట్లేదు. చదువు పాడైపోతుందని అమ్మ భయం, అది కోపంగా బయటికొచ్చేది. మీరేం మాట్లాడారో ఇద్దరూ చెప్పరు. ఆ తర్వాత అమ్మ వచ్చి పేజీలు చూపించమంది. మొత్తం చదివి, గొడుగు పోగొట్టుకున్న ఆవిడ మరీ త్వరగా నవ్వేసిందే, అంత ఇష్టమైన వస్తువు దొరికితే ముందు ఏడుపొస్తుంది అంది. చివరి పేజీ మళ్ళీ వేస్తున్నాను.

నాన్నకి కూడా థాంక్స్, స్కానర్ మోసుకొచ్చినందుకు.

రంగులు ఇంకా మిగిలి ఉన్నాయి. పరీక్షలయ్యాక పూర్తి చేస్తానని అమ్మకి మాటిచ్చాను, మీకూ అదే చెబుతున్నాను. పూర్తయ్యాక కొన్ని కాపీలు ఇంట్లోనే ప్రింట్ తీసి కుట్టి, సాయం చేసినవాళ్ళందరికీ పంపుతాను. అడ్రస్ ఇవ్వడం ఇష్టంలేనివాళ్ళకి ఫైల్ పంపుతాను. మాస్టారూ, కళ్ళజోడు ఉన్నా చిన్న అక్షరాలు కనబడట్లేదన్నారు, మీ కాపీ పెద్ద అక్షరాలతో విడిగా తీస్తాను. ఆంటీ, మీ కాపీలో అంచులు వెడల్పుగా వదులుతాను, ఎర్ర పెన్ను కోసం. టాబ్లెట్ అన్నయ్యా, కొరియర్‌కి ఎంతైందో ఎన్నిసార్లడిగినా మాట దాటేస్తున్నారు. నాన్న ఊరుకోవట్లేదు, దయచేసి చెప్పండి.