సరస్సు నీ ఎడమ చేతివైపు ఉండాలి

అమ్మడూ,

నువ్వు పంపిన సైకిల్ రూటు మూడు రోజులుగా చూస్తున్నాను. 74 కిలోమీటర్లు, రెండు సరస్సులు, మధ్యలో ఒక కొండ. చాలా బాగా గీశావు. నేను మార్చమనేది ఒక్కటే: ఇదే దారిని అటు నుంచి ఇటు తొక్కు. నువ్వు పొద్దున పెద్ద సరస్సు ఒడ్డున బయలుదేరి, ఎండ ముదిరాక కొండెక్కి, చిన్న సరస్సు మీదుగా తిరిగొస్తానంటున్నావు. చిన్న సరస్సుతోనే మొదలుపెట్టు. కొండ చల్లటి వేళలో అయిపోతుంది. పెద్ద సరస్సు దగ్గరికి వచ్చేసరికి ఇక ఎక్కాల్సిన ఎత్తు ఏమీ మిగలదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఎడమవైపు నడిపే రోడ్లలో సరస్సు చుట్టూ అప్రదక్షిణంగా వెళ్తే నీళ్ళు ఎప్పుడూ నీ ఎడమ చేతివైపే ఉంటాయి. నీకూ నీటికీ మధ్య ఒక్క బండి కూడా రాదు. ఎక్కడైనా ఆగాలనిపిస్తే రోడ్డు దాటే పని లేకుండా కాలు కింద పెట్టి నిలబడొచ్చు. ప్రదక్షిణంగా వెళ్తే అదే సరస్సును రోజంతా లారీల సందుల్లోంచి చూడాలి.

వెలుతురు పడుతుండగానే బయలుదేరు. ఆ వేళకి గాలి ఇంకా లేవదు, చిన్న సరస్సు అద్దంలా ఉంటుంది. కొండ తలకిందులుగా నీళ్ళలో కనిపిస్తుంది. ఏదో పక్షి నీటిని ఒరుసుకుంటూ లేచిందంటే ఆ గుండ్రాలు ఒడ్డుదాకా వచ్చి చెదిరిపోయేదాకా చూడొచ్చు. అక్కడ పది నిమిషాలు పోయినా పరవాలేదు, కొండ ఎక్కడికీ పోదు.

ఆ కొండ గురించి టెన్షన్ పడకు. ఇటువైపు నుంచి 9 కిలోమీటర్లలో 540 మీటర్లు ఎక్కాలి. అంటే వంద మీటర్లు ముందుకెళ్తే ఆరు మీటర్లు పైకి. అటువైపు అదే ఎత్తు 6 కిలోమీటర్లలోనే ఉంది, వందకి తొమ్మిది. అందుకే ఇటు నుంచి ఎక్కమంటున్నాను. గంటకు తొమ్మిది కిలోమీటర్ల చొప్పున వెళ్ళినా గంటలో పైనుంటావు. ఎత్తు మొదలయ్యాక గేరు మార్చకు, మొదలవకముందే మార్చు. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ కటకటమని పళ్ళ మీద నుంచి జారుతుంది. గేరు తేలిగ్గా పెట్టుకుని కాళ్ళు గబగబా తిరిగేలా తొక్కు. మాట్లాడుతూ ఎక్కగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు, రొప్పుతున్నావంటే తగ్గించు. ఆకలేశాక తినడం కాదు, వేయకముందే తిను. గట్టిగా తొక్కితే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజన్, అంటే కండరాలు వాడుకునే చక్కెర నిల్వ, గంటన్నర, రెండు గంటలకే అడుగంటుతుంది. ఆ తర్వాత ఎంత తిన్నా కాళ్ళు వెంటనే కోలుకోవు.

ఇక దిగుడు. నేను అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దీని కోసమే.

నీ వయసులో నేనొక కొండ దిగుతున్నాను. భయంతో పైనుంచి కిందిదాకా వెనక బ్రేకు వదలకుండా పట్టుకునే ఉన్నాను. జాగ్రత్తగా ఉన్నాననే అనుకున్నాను. సగం దూరంలో రబ్బరు కమిలిన వాసన వచ్చింది. నిమిషం తిరక్కుండా ట్యూబు తుపాకీ పేలినట్టు పేలింది. రిమ్ము మీద వేలు పెడితే చురుక్కుమంది. బ్రేకు రాపిడికి రిమ్ము వేడెక్కి, లోపల గాలి వ్యాకోచించి పేలిందని తర్వాత అర్థమైంది. పక్కనే మట్టి గట్టు ఉంది కాబట్టి మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది. నీదీ రిమ్ము బ్రేకుల సైకిలే. పట్టుకునే ఉండకు. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి వేగం బాగా తగ్గించు, వదిలెయ్, రిమ్ముకి గాలి తగలనివ్వు, మళ్ళీ వెయ్యి. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. చెట్ల నీడ పడే మలుపుల్లో పొద్దెక్కినా తడి ఆరదు, రాలిన ఆకుల కింద రోడ్డు కనబడదు. అక్కడ మరీ నెమ్మది. పైకీ కిందికీ మూడు నాలుగు డిగ్రీలు తేడా ఉంటుంది, చెమట మీద ఆ గాలి తగిలితే వేళ్ళు కొంకర్లు పోతాయి. శిఖరం మీదే జాకెట్ వేసుకో.

టైర్లలో గాలి రాయిలా కొట్టించకు. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె గరిష్ఠం, అంతదాకా కొట్టాలని కాదు. గాలి టైరు కథ నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. 1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు గట్టి రబ్బరు చక్రాల కుదుపులు లేకుండా నడవాలని గాలి నింపిన టైరు చేశాడు, మరుసటి ఏడాది పేటెంట్ తీసుకున్నాడు. పంపు కొట్టిన ప్రతిసారీ ఆ తండ్రి గుర్తొస్తాడు నాకు.

పెద్ద సరస్సు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, గాలి లేస్తుంది. నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే, నీటి మీది చల్లటి గాలి ఆ చోటుకి వస్తుంది. నా రూటులో ఉన్న చిక్కు ఇదే. ఆ గాలి నీ ఎడమవైపు నుంచి కొట్టి నిన్ను రోడ్డు మధ్యకి నెడుతుంది. పెద్ద బండి ఏదైనా పక్కనుంచి వెళ్ళినప్పుడు అది లాగినట్టూ ఉంటుంది, నెట్టినట్టూ ఉంటుంది. హ్యాండిల్ బిగించి పట్టకు, మోచేతులు వదులుగా ఉంచు. నీళ్ళ వైపు ఓ కన్నేసి ఉంచు. గాలి వచ్చేముందు నీటి మీద నల్లటి మచ్చలా, సన్నటి ముడతలతో పాకుతూ వస్తుంది. అది ఒడ్డుకి చేరేలోపు నువ్వు సిద్ధంగా ఉండొచ్చు. మరీ ఎక్కువైతే దిగి నడువు. ఇంత చిక్కున్నా నా ఓటు ఇటువైపుకే, ఎందుకంటే పెద్ద సరస్సు వెంబడి వెళ్ళే ఆ 15 కిలోమీటర్లూ నీళ్ళు నీ పక్కనే ఉంటాయి.

సీటు కింద సంచిలో ఒక ట్యూబు, రెండు ప్యాచ్‌లు, చిన్న పంపు పెట్టాను. పంపు నాజిల్ కాస్త బిగుతు, ఒకసారి ఇంటి దగ్గరే తీసి పెట్టి చూసుకో. కొండ మీదికి చేరాక ఒకసారి, దిగాక ఒకసారి మెసేజ్ పెట్టు. దిగాక పెట్టేదాని కోసమే నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను.

అమ్మ