చిన్నీకి, నాన్న నుంచి

చిన్నీ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగున్నాం. మామిడి పూత ఈసారి బాగా వచ్చింది, రవి బాబాయ్ వాళ్ల ఇంటికి స్లాబ్ పడింది, మీ అమ్మ మోకాలు మామూలే. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే 'బిజీ నాన్నా' అని ఒక్క ముక్క. సర్లే, పనుంటుంది.

మొన్న సరోజ పిన్ని వచ్చింది. వాళ్ల స్వాతితో అన్నావట, చైనాలో నువ్వుండే గ్వాంగ్జౌ వాళ్లలాగే సూప్‌లూ కషాయాలూ తాగుతున్నావనీ, ఒళ్లు తేలికైందనీ, థైరాయిడ్ మాత్ర కూడా మానేశావనీ. ఆ చివరి మాట నిజమో కాదో నాకు తెలియదు. దాని కోసమే రాస్తున్నానని అనుకోకు. అక్కడి తిండి గురించి ఈమధ్య చదువుతున్నాను, నీకు చెప్పాలనిపించింది.

నాకు అదేమీ పరాయిగా అనిపించలేదమ్మా. మనం వేడి, చలవ అన్నట్టే వాళ్లూ ప్రతి పదార్థానికీ ఒక గుణం చెబుతారు. నోట్లో పుండ్లు పడితే, మొటిమలు లేస్తే వేడి చేసిందని చామంతి టీ, పెసల సూప్ ఇస్తారట. పెసలు మనకూ చలవే కదా. పీత చలవ కాబట్టి పక్కన అల్లం ఉండాలంటారు. మీ ఊళ్లో ఉక్క ఎక్కువ, ఒంట్లో తేమ చేరుతుందని ఎండాకాలం బూడిద గుమ్మడికాయ సూప్ కాస్తారు. వీధుల్లో అమ్మే ఆ చేదు మూలికల టీని 2006లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వాల జాబితాలో చేర్చింది. తాగు, నేను వద్దనను. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

బాలింతల విషయంలోనూ అంతే. నెల రోజులు చన్నీళ్లు ముట్టనివ్వరు, అల్లం, తియ్యటి వెనిగర్ వేసి పంది కాళ్లు ఉడికించి పెడతారట. నువ్వు పుట్టినప్పుడు మీ నాన్నమ్మ పట్టిన పథ్యం గుర్తొచ్చింది. శొంఠి, కాయం, వెల్లుల్లి కారం, కాచిన నీళ్లు, అవీ కొలిచినట్టు. మీ పెద్దత్త చాటుగా పెరుగన్నం తెచ్చిందని ఇంట్లో ఎంత గొడవో! అలాంటి రోజుల్లో ఒక రాత్రి మీ అమ్మకి చలిజ్వరం వచ్చింది, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. డాక్టర్ మాట ఎత్తితే నాన్నమ్మ ఏమంటుందోనని నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఆవిడే బయటికొచ్చి, 'నిలబడ్డావేంరా, డాక్టరమ్మని పిలుచుకురా' అంది. తెల్లారేదాకా మంచం పక్కనే కూర్చుంది, మాత్రలు తన చేత్తోనే వేసింది. జ్వరం తగ్గాక మళ్లీ శొంఠి, మళ్లీ కాయం. ఏది దేనికో ఆవిడకి తెలుసు.

చైనా వాళ్ల పాత వైద్యులూ అలాగే చెప్పారు. ఏడో శతాబ్దంలో సున్ సిమియావ్ అనే పెద్ద వైద్యుడు ముందు తిండితో నయం చెయ్యాలి, దానితో తగ్గకపోతేనే మందు ఇవ్వాలి అన్నాడు. తగ్గకపోతే మందు ఇవ్వాలనే కదా దాని అర్థం! థైరాయిడ్ గ్రంథి ఉబ్బి వచ్చే గొంతు వాపుకి ఆయన గొర్రె, జింకల థైరాయిడ్ గ్రంథులు వాడాడు. ఆయన కంటే ముందే, నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు అదే వాపుకి సముద్రపు నాచుని సారాయిలో నానబెట్టి ఇచ్చాడు. నాచులో అయోడిన్, ఆ గ్రంథిలో థైరాయిడ్ హార్మోన్ ఉంటాయి కాబట్టి అవి పనిచేశాయి. నువ్వు వేసుకునే మాత్రలో ఉన్నది ఆ హార్మోనే, మైక్రోగ్రాముల్లో కొలిచి ఇస్తున్నారు. నీది అయోడిన్ తక్కువై వచ్చింది కాదు, ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు సొంత థైరాయిడ్ మీదకే తిరగడం వల్ల వచ్చిందని మన డాక్టర్ చెప్పాడు కదా. అలాంటివాళ్లకి నాచు సూప్ ఎక్కువైతే థైరాయిడ్ ఇంకా మందగించవచ్చు. అది రోజూ తాగుతున్నావా? ఒళ్లు తేలికైందంటే బరువు తగ్గావా, సరిగ్గా తినడం లేదా?

లెక్చర్ ఇస్తున్నానని విసుక్కోకు. మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకో, గంట దాకా ఏమీ తినకు. అక్కడ టిఫిన్‌కి సోయా పాలు తాగుతారు కదా, వాటితో అసలు వేసుకోకు, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటలు ఆగాలి. నిజంగానే మానేసి ఉంటే దాచకు, నేను తిట్టను. ఈ వారంలోనే థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకుని రిపోర్టు ఫోటో పెట్టు.

మీ అమ్మ కందిపొడి, శొంఠి పొడి కడుతోంది. స్ట్రిప్పుల్లో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టి చెప్పు, ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడు.

నాన్న